నాలుగు కాళ్ళ గొర్రెపిల్ల

పోయిన వారం పొద్దున్నే చర్చి పెద్దలు ఇద్దరు మా కొట్టుకు వచ్చి పెట్టె కావాలన్నారు. మాది తలుపులూ కిటికీలూ మంచాలూ చేసే కొట్టు, మార్టూరు పోయే రోడ్డు మీద ఉంటుంది. గ్రానైటు లారీ పోయిన ప్రతిసారీ తెల్లటి దుమ్ము లేచి, నేను అప్పుడే పాలిష్ పెట్టిన మంచం మీద వాలుతుంది. దాన్ని తిట్టుకుంటూ బతుకుతుంటాను. అడిగితే శవపేటికలు కూడా చేస్తాం. "ఎవరికండీ?" అన్నాను. "మన పాత అయ్యగారికి," అన్నారు. చేతిలోని చిత్రిక బల్ల మీద పెట్టేశాను.

క్రైస్తవులు పాస్టరును అయ్యగారంటారు. మా ఊళ్ళో మిగతావాళ్ళమూ అలాగే అంటాం. ఆయనకు పేరు లేక కాదు. ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

"ఏం గొంతండీ ఆయనది! మైకు లేకుండా నిలబడి చెప్తే పాలెం చివరి ఇంటిదాకా వినపడేది," అన్నాడొక పెద్దాయన. రెండో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కొలతలు ఇస్తామన్నారు. అక్కర్లేదన్నాను. అన్ని నెలలు నా బల్ల పక్కన నిలబడ్డ మనిషి కొలత నాకు ఇంకొకరు చెప్పాలా?

వాళ్ళు వెళ్ళాక చెక్క కోస్తూ అనుకున్నాను. రేపు సమాధి దగ్గర అందరూ ఆ గొంతు గురించే మాట్లాడతారు. నాకు ఆ గొంతు సరిగా తెలియదు. నేను వేరే మతంవాణ్ణి, చర్చి గుమ్మం తొక్కింది ఒక్కసారే. నాకు దొరికిన అయ్యగారు గొంతు పోయిన అయ్యగారు. గుంటూరు ఆస్పత్రిలో గొంతులో గడ్డ తీసేశాక ఆయనకు మిగిలింది చెవి దగ్గర పెడితే తప్ప అందని గుసగుస. గట్టిగా మాట్లాడితే అది కూడా పోతుందని డాక్టరు భయపెట్టాడట. ఆ తర్వాత కొద్ది రోజులకే రిటైరైపోయారు. పీఠం మీదికి కుర్ర పాస్టరు వచ్చాడు, కీబోర్డులు వచ్చాయి, పెద్ద స్పీకర్లు వచ్చాయి. ఈయన గొడుగు పట్టుకుని మా కొట్టుకు వచ్చారు.

పత్తి తీతలు మొదలైన రోజులవి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, వానా ఎండా లేకపోయినా చేతిలో గొడుగు. ఆ గొడుగులోంచి ఒక నల్లటి చెక్క ముక్క తీసి బల్ల మీద పెట్టి, "నాయనా, దీన్ని గొర్రెపిల్లను చెయ్యాలి," అన్నారు.

"చేసిపెట్టమంటారా?"

"కాదు. నేనే చేస్తా. ఎట్టా చెయ్యాలో నువ్వు చెప్పు."

నాకు నవ్వాగలేదు. "అయ్యగారూ, నేను తలుపులు చేసేవాణ్ణి. నా చేతిలో ఇంతవరకూ తోక ఉన్న వస్తువు ఒక్కటి కూడా తయారవలా. బొమ్మ కావాలంటే కొండపల్లి పొండి."

"కొండపల్లోళ్ళు చేస్తే అది వాళ్ళ గొర్రె అవుద్ది గదా," అన్నారు.

చెక్క చేతిలోకి తీసుకుని చూస్తే నల్లతుమ్మ. ఎండి ఇనుమైపోయింది. "దీంతో బండి చక్రాలు చేస్తారండీ. మీరు ఉలి పెడితే ఉలే ఏడుస్తుంది. ఎవరిచ్చారు మీకు?" అంటే, "గట్టిగా ఉంటే ఇరగదని నేనే ఏరుకొచ్చా," అన్నారు. విరగకపోవడం మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకో నాకు అప్పుడు తెలియదు. ద్వారబంధంలో మిగిలిన వేప ముక్క ఒకటి ఇచ్చి, పాత ఉలి ఒకటి పడేసి, మూల చోటు చూపించాను. రెండు రోజులు పొడుచుకుని ఆయనే పోతాడులే అనుకున్నాను.

పోలేదు. రోజూ టిఫిను చేసి వచ్చేవారు, ఎండ ఎక్కాక వెళ్ళేవారు. పని మొదలుపెట్టే ముందు ఉలిని చెక్క మీద పెట్టి, కొడతి ఎత్తి, కళ్ళు మూసుకునేవారు. మొదటి రోజు అది చూసి బల్ల దాటి పరుగెత్తాను. "అయ్యగారూ! కళ్ళు మూసుకుని కొడితే వేలు పోద్ది!" అని అరిచాను. "అలవాటయ్యా, ఏ పనికైనా ముందు ప్రార్థన," అన్నారు. "ప్రార్థన బయట చేసుకుని రండి, ఉలి దగ్గర కళ్ళు తెరవండి," అన్నాను. అప్పట్నుంచి కొట్టు మెట్ల మీద కళ్ళు మూసుకుని నిలబడి, తర్వాత లోపలికి వచ్చేవారు. అయినా వేళ్ళకు ఎప్పుడూ గుడ్డపీలికలే. వాళ్ళావిడ, అమ్మగారు, మార్కెట్టుకు వెళ్తూ మా కొట్టు ముందు ఆగి, "బాబూ, ఆయన్ని ఇంటికి పంపేటప్పుడు వేళ్ళు లెక్కబెట్టి పంపు," అనేవారు.

చెక్కు లేచిన ప్రతిసారీ దాన్ని తీసి వాసన చూసేవారు. నచ్చిన చెక్కును చొక్కా జేబులో వేసుకునేవారు. చెక్క చెప్పినట్టు వినకపోతే దాన్ని మెల్లగా బతిమాలేవారు, తిట్టేవారు కాదు. నేను తిడతాను. మా కులవృత్తిలో తిట్టు కూడా ఒక పనిముట్టు. ఒకరోజు నేను పనివాడి మీద ఎగురుతుంటే విని, "మా ప్రభువు కూడా మీ పనివాడే నాయనా, వడ్రంగి. చిన్నప్పుడు మొదట ఏం చేసుంటాడంటావు?" అని అడిగారు.

"ఏమోనండీ. నాచేత మా నాన్న మొదట పీట చేయించాడు. వంకరపోయిందని దాంతోనే కొట్టాడు."

ఆయన నవ్వారు. గొంతు లేదు కదా, భుజాలు మాత్రం కదిలేవి. ఆ నవ్వు చూడ్డానికే నేను అప్పుడప్పుడూ నా గురించి లేనిపోనివి కల్పించి చెప్పేవాణ్ణి.

ఆయన మొదటి గొర్రె ఆదివారం బడి పిల్లల పుస్తకంలోని బొమ్మ చూసి చేసింది. ఒళ్ళంతా ఉంగరాల ఉన్ని, పొట్టి కాళ్ళు. ఆ ఉంగరాలు చెక్కబోయి అన్నీ గుంటలు పెట్టారు. మా పనివాళ్ళు దానికి బంగాళదుంప అని పేరు పెట్టారు. ఆయన కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కూరకు పనికొస్తుంది," అని ఒప్పుకున్నారు. కానీ ఆ దుంపకే కాళ్ళు వేరు చెయ్యాలని కూర్చున్నారు. ముందు కాళ్ళ మధ్య చెక్క తీస్తుండగా టక్కుమని చప్పుడైంది. కాలు విరిగి ఆయన ఒళ్ళో పడింది.

అది విరగక తప్పదు. ఆ ముక్కలో చెక్క నార ముక్కు నుంచి తోకకు పోతోంది, కాళ్ళకు అడ్డం పడింది. అలాంటి కాలు వేలితో తడితే ఊడుతుంది. తలుపులు చేసేవాణ్ణి కాబట్టి చెక్కను పడుకోబెట్టి ఇవ్వడమే నాకు తెలుసు. ఆయన ఆ కాలిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. చిన్న ముక్కకు అంత బాధా అనిపించి, "జిగురేసి అతికిస్తానండీ, రంగేస్తే మీక్కూడా తెలీదు," అన్నాను.

"నాకు తెలుసు గదా."

"పోనీ పడుకున్న గొర్రెను చెయ్యండి. కాళ్ళ గొడవే ఉండదు."

"నిలబడాలి నాయనా. నాలుగు కాళ్ళ మీద నిలబడాలి. ఒక్కటి కూడా అతికించింది అయ్యుండకూడదు."  కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు. లాక్కుని చెవి పెట్టాను. అప్పుడు చెప్పారు.

ఆయనకు పేరు తెచ్చిన ప్రసంగం ఒకటుంది. తప్పిపోయిన గొర్రెపిల్ల ప్రసంగం. కనిగిరి నుంచి తాడేపల్లి దాకా ఏ సభకు పిలిచినా అదే చెప్పమనేవాళ్ళట. అందులో ఒక కథ. ఒక గొర్రెపిల్ల ఎన్నిసార్లు తెచ్చినా మందలోంచి పారిపోతుంది. అప్పుడు మంచి కాపరి ఏం చేస్తాడంటే, దాని కాలు తనే విరగ్గొడతాడు. కట్టు కట్టి భుజాన వేసుకుంటాడు. కాలు అతికేలోపు ఆ పిల్లకు కాపరి ఒళ్ళు అలవాటై, ఇక జన్మలో ఆయన్ను వదలదు. కాబట్టి దేవుడు మన కాలు విరగ్గొడితే అది కోపం కాదు, ప్రేమ. జనం ఏడ్చేవాళ్ళట. కుర్ర పాస్టర్లు ఆ కథ నేర్చుకుని వాళ్ళ ఊళ్ళలో చెప్పేవాళ్ళట. "అది గ్రంథంలో లేదు నాయనా. కుర్రతనంలో ఏదో సభలో విన్నా. బాగుందని పట్టుకున్నా," అన్నారు.

పాలెంలో దీనమ్మ అని ఒకావిడ ఉంది, మిరప కూలికి పోయే మనిషి. కొన్నేళ్ళ కిందట కోతల్లో కూలీల ఆటో బోల్తాపడింది. దీనమ్మ కూతురు కెజియా కుడికాలు నుజ్జయింది. పదో తరగతి అయిపోయి కాలేజీలో చేరాల్సిన పిల్ల, ఫీజుకు సాయంగా ఉంటుందని కోతకు పోయింది. తర్వాతి ఆదివారం దీనమ్మ ప్రార్థన చేయించుకుందామని ఆస్పత్రి నుంచి గుడికి, అదే చర్చికి, వచ్చింది. అయ్యగారు ఆవిణ్ణి చూసి, పీఠం మీద నిలబడి, అంతమందిలో, ఆ కథ ఎత్తుకున్నారు.

దీనమ్మ మధ్యలో లేచి నిలబడింది. "నా పిల్ల యాడికి తప్పిపోయింది అయ్యగారూ? మిరపకాయలు కొయ్యబోయింది," అంది.

"అరవలా నాయనా. అడిగింది. జవాబు కోసం నిలబడింది కూడా. నేనేం చేశాననుకున్నావు? పాట ఎత్తండని సైగ చేశా. అందరూ చప్పట్లు కొడుతూ పాడారు. ఆ పాటలోనే ఆమె బయటికి పోయింది. మళ్ళీ రాలా."

ఆ విరిగిన కాలిని బల్ల మీద పెట్టి మళ్ళీ అన్నారు. "గొంతు బాగున్నన్నాళ్ళూ నా గొంతే నాకు వినపడేది. అది పోయినాక ఆమె మాటే వినపడుతుంది. రెండు మూడు సార్లు వాళ్ళింటికి పోయా. వాకిట్లో నిలబడి ప్రార్థన చేసి వచ్చా. నోరు తెరిస్తే నాకు ప్రసంగమే వస్తుందయ్యా. అందుకని చేత్తో చేద్దామని."

నాకు ఆయన మీద జాలి కలగాలి. కోపం వచ్చింది. నాకూ ఆడపిల్ల ఉంది. దాని కాలు విరిగి నేను ఆస్పత్రిలో కూర్చుంటే ఎవరైనా వచ్చి ఈ కథ చెబితే చేతిలో ఏది ఉంటే దాంతో కొట్టేవాణ్ణి. లేచి రంపం దగ్గరికి పోయాను. ఆ రోజు టీ కూడా ఇవ్వలేదు. ఆయన తనంతట తనే గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున మెట్ల మీద కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. వస్తారని నేను అనుకోలేదు. అంత మాట చెప్పుకున్న మనిషి మళ్ళీ అదే ముఖంతో రావడం మామూలు విషయం కాదు. నేను లోపలికి వెళ్ళి లావుపాటి వేప దుంగలోంచి, నార నిలువుగా కాళ్ళలోకి దిగేలా ఒక దిమ్మ కోసి తెచ్చి ఆయన ముందు పెట్టాను. "దీంట్లో కాళ్ళు ఇరగవు," అన్నాను.  ఆయన ఉలి అందుకున్నారు.

పత్తి చేలు ఖాళీ అయ్యాక కనిగిరి వైపు నుంచి కాపర్లు గొర్రెలను తోలుకొస్తారు. చేలల్లో మిగిలిన ఆకూ అలమూ మేపుకుంటారు, రాత్రికి ఏ రైతు పొలంలోనో మంద పెడతారు. ఎరువు రైతుకు, మేత వాళ్ళకు. అలాంటి మంద ఒకటి మా రోడ్డు పక్క చేలో దిగితే అయ్యగారు మా కొట్టులోని ముక్కాలి పీట అడిగి తీసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం దాకా దాని మీద కూర్చుని గొర్రెలను చూస్తూనే ఉన్నారు. తిరిగొచ్చినప్పుడు తెల్ల ప్యాంటు నిండా పల్లేరుకాయలు, పెంటికల మరకలు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నాయనా, మన గొర్రెకు ఉన్ని లేదు!"

"ఎప్పుడుందండీ? ఉంటే ఈ ఎండకు చచ్చేది."

"ఇన్నేళ్ళు గొర్రె గురించి చెప్పానయ్యా. ఒక్కసారి కూడా చూడలా." తల పట్టుకుని నవ్వారు. క్రిస్మస్‌కు గుడిలో పశువుల పాక కడతారు. అందులో థర్మాకోల్ గొర్రెలు, వాటి ఒంటి నిండా దూది. మా చేలల్లో పండిన పత్తే ఉన్నిగా అంటించుకున్న ఆ గొర్రెల్నే ఆయన జీవితమంతా గొర్రెలనుకున్నారు. ఎదురుగా రోడ్డు దాటుతున్న వాటిని మోటారుసైకిల్‌కు అడ్డమని హారన్ కొట్టి తోలేశారు.

ఆ రోజు ఆయన ఇంకొకటి కూడా చూశారు. కాపరి భుజం మీద ఒక పిల్ల ఉంది. వెనక కాలికి వెదురు బద్దలతో కట్టు. ఎక్కడో బొరియలో కాలు దిగబడి విరిగిందట. దాన్ని మోయలేక మోస్తూ, దాని అమ్మనూ అబ్బనూ తిడుతూ కాపరి నడుస్తున్నాడట. "విరగ్గొట్టినవాడు ఎవడూ లేడు నాయనా. మోసేవాడు ఒక్కడే ఉన్నాడు," అన్నారు. అది చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు, వేప దిమ్మ వైపు చూశారు.

అప్పటినుంచి పని కుదిరింది. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, నున్నటి ఒళ్ళు, కొంచెం ముందుకు చాచిన మూతి. ఒక చెవి రెండోదానికంటే లావు వచ్చింది. మెడ దగ్గర ఉలి జారిన గాటు ఉండిపోయింది. మా పనివాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. "కుక్కండీ ఇది," అనేవాళ్ళు. అయ్యగారికి కోపం వచ్చేది కాదు. "మీ కళ్ళల్లో ఇంకా దూది ఉందిరా," అనేవారు.

చివర్లో ఒక తంటా వచ్చింది. నిలబెడితే ఊగుతోంది. ఒక కాలు పొడుగని ఆకురాయితో కాస్త రాశారు, రెండోది పొడుగైంది. దాన్ని రాశారు, మొదటిది పొడుగైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రోజు రోజుకీ గొర్రె కురచవుతోంది. ఇక లాభం లేదని ఆకురాయి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "ఇంకా రాస్తే పందికొక్కు అవుద్ది అయ్యగారూ, వదిలెయ్యండి!" అన్నాను. ఆయన గొర్రెను నా బల్ల మీద పెట్టి, చెక్క మీద చెంప ఆనించి కిందినుంచి చూశారు. నాలుగు కాళ్ళూ ఆనాయి. చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకుని ఊపారు.

సాయంత్రం నా స్కూటర్ మీద పాలెం వెళ్ళాం. మిరప సీజను ఆఖరు. దీనమ్మ వాకిట్లో పట్టా పరుచుకుని కాయలకు తొడిమలు తుంచుతోంది. గాలి అంతా ఘాటు. కెజియా వరండాలో మిషను కుడుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, ఒక భుజం కిందికి ఒరిగింది. ఆస్పత్రిలో అతికిన కాలు కురచపడిపోయింది.

అయ్యగారు నోరు తెరిచారు. మిరప ఘాటు గొంతులోకి పోయింది. ఇక దగ్గే దగ్గు, కళ్ళవెంట నీళ్ళు. మాట్లాడదామని అన్ని నెలలు చెక్కుకుని వచ్చిన మనిషి, మాట రాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. కెజియా నీళ్ళు తెచ్చిచ్చింది. దీనమ్మ చేతిలో పని ఆపలేదు.

ఆయన దగ్గు తగ్గక ముందే సంచిలోంచి గొర్రెపిల్లను తీసి వరండాలో నేల మీద పెట్టారు. మార్టూరు ఫ్యాక్టరీల్లో పారేసే గ్రానైటు ముక్కలు తెచ్చి పరిచిన నేల అది, ఏ ముక్క ఎత్తు దానిదే. పెట్టగానే గొర్రె ఊగి పక్కకు పడింది. అయ్యగారి ముఖం చూడలేకపోయాను. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ పడింది.

కెజియా దాన్ని తీసుకుంది. ఆ బండ మీద, ఈ బండ మీద పెట్టి చూసి, గోడ పక్కన ఒక పెద్ద ముక్క మీద నిలబెట్టింది. నిలబడింది. "నేల ఎగుడుదిగుడండీ అయ్యగారూ. దాని తప్పేం లేదు," అంది. మామూలుగానే అంది. ఆయన మాత్రం ఆ మాటకు గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు.

"ఏందది, కుక్కా?" అంది దీనమ్మ వాకిట్లోంచి.

"గొర్రెపిల్ల దీనమ్మా," అన్నారు ఆయన. గుసగుస ఆమెదాకా పోదని నేను గట్టిగా తిరిగి చెప్పబోయాను. ఆయన నన్ను చేత్తో ఆపి, లేచి వెళ్ళి ఆమె ముందు మిరపకాయల పక్కనే కింద కూర్చున్నారు. "నాలుగు కాళ్ళూ ఉన్నాయి. ఏ కాపరీ కాలు ఇరగ్గొట్టడు. నేను చెప్పింది తప్పు. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా పాట పాడించా. అది ఇంకా పెద్ద తప్పు."

దీనమ్మ చేతులు ఆగాయి. ఆయన వైపు చూసింది. ఆ చూపులో మెత్తదనం వెతికాను, కనపడలేదు. "ఆ బొమ్మ పిల్లకు తెచ్చారు. ఉంచుకోవటం దాని ఇష్టం. నాకు చెప్పాల్సింది ఇక్కడ కాదు అయ్యగారూ. ఆ మాట నలుగురిలో అన్నారు. ఇది ఇంట్లో చెప్తే ఎట్టా?"

మళ్ళీ తొడిమలు తుంచడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని నా వెనక కూర్చున్నారు. నాకు దీనమ్మ మీద కోపం రాలేదు, ఆమె అన్నది న్యాయం. కానీ అది ఆయనకు ఎంత కష్టమో కూడా తెలుసు. ఆ కథే ఆయన పేరు. అది తీసేస్తే, ఊరూరా ఆయన్ను తలుచుకునేవాళ్ళకు తలుచుకోవడానికి ఏం మిగులుతుంది? పైగా పీఠం ఆయనది కాదు, గొంతు ఆయనది కాదు. ఇంటి దగ్గర దింపాక అన్నారు, "ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల టైములో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు నాయనా. గుడికొచ్చే మామూలు విశ్వాసులు. నేనిప్పుడు విశ్వాసినే గదా." ధైర్యం చెప్పుకుంటున్నట్టు అన్నారు.

ఒక ఆదివారం పోయింది, లేవలేదట. ఇంకోటి పోయింది. మా కొట్టుకు వచ్చి ఊరికే కూర్చునేవారు, ఉలి ముట్టేవారు కాదు. చివరికి ఒక శనివారం, "రేపు నువ్వు కూడా రా నాయనా. ఉలి పట్టినప్పుడు పక్కనున్నావు," అన్నారు. కెజియాతో దీనమ్మకు కబురు పంపానని కూడా చెప్పారు.

వెళ్ళాను. లోపలికి పోవడానికి మొహమాటపడి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచేచోట నిలబడ్డాను. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కింద కూర్చున్నారు. పాటలయ్యాయి. దీనమ్మ రాలేదనే అనుకున్నాను. తిరిగి చూస్తే నా వెనకే, గోడ నీడలో నిలబడి ఉంది, చెప్పులు విడవకుండా. కెజియా ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

కుర్ర పాస్టరు సాక్ష్యాలకు పిలిచాడు. ఎవరికో జ్వరం తగ్గింది, ఎవరికో బోరు పడింది. తర్వాత అయ్యగారు లేచారు. పాత అయ్యగారు లేవడంతో అందరూ సర్దుకుని కూర్చున్నారు. కుర్ర పాస్టరు గౌరవంగా పీఠం వైపు చెయ్యి చూపించాడు. ఆయన వద్దని తల ఊపి, జనం మధ్యే నిలబడి మైకు తీసుకున్నారు.

"నేను చెప్పే గొర్రెపిల్ల కథ మీకందరికీ తెలుసు," అన్నారు. "స్తోత్రం!" అన్నారు జనం. ఆయన వాక్యం ముగించగానే అలా అనడం వాళ్ళకు ఏళ్ళ అలవాటు. "అది అబద్ధం," అన్నారు. "స్తోత్రం!" అని ముందు వరసలోంచి ఒకాయన గట్టిగా అనేసి, అటూ ఇటూ చూసి నోరు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అయ్యగారు కొనసాగించారు. మైకులో ఊపిరే ఎక్కువ, మాట తక్కువ. కాపరి కాలు విరగ్గొట్టడని, కెజియా కాలు దేవుడు విరగ్గొట్టలేదని, పట్టనంతమందిని ఎక్కించిన ఆటో విరగ్గొట్టిందని, ఆ తల్లి అడిగినదానికి తను పాటతో నోరు మూయించానని చెప్పారు. పెద్దలు నేల చూపులు చూస్తున్నారు. కీబోర్డు కుర్రాడు పాట ఎత్తాలేమోనని వేళ్ళు పైకెత్తి, మళ్ళీ దించాడు.

ఆయన మైకు దించబోతుంటే నా వెనకనుంచి మాట వచ్చింది.

"ఇనపళ్ళా అయ్యగారూ."

అంతమందీ తిరిగి చూశారు. దీనమ్మ కదలలేదు. ఆ క్షణంలో నాకు ఆమె మీద నిజంగానే కోపం వచ్చింది. ఇంకా ఏం కావాలి ఈమెకు? ఆ గొంతు అంతేనని తెలీదా?

అయ్యగారు ఆమెను చూశారు. మైకును పక్కనున్నాయన చేతిలో పెట్టారు. రెండు చేతులూ గొంతు దగ్గర ఆనించుకుని, ఒళ్ళంతా బిగించి, మొదటినుంచి మళ్ళీ చెప్పారు. డాక్టరు వద్దన్న గొంతుతో చెప్పారు. అది గొంతు కూడా కాదు. రంపం మేకుకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు. మాట మాటకీ తెగిపోతోంది, అయినా ఒక్క మాట వదల్లేదు. "నీ పిల్ల యాడికీ తప్పిపోలా దీనమ్మా. మిరపకాయలు కొయ్యబోయింది," అని ఆఖరున ఆమె మాటే ఆమెకు తిరిగి చెప్పారు. ఆ మాట గుమ్మం దాటి, రోడ్డు మీద ఆగిన ఆటోవాడిదాకా వినపడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఎవరు చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

లోపల ఎవరూ స్తోత్రం అనలేదు. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు.

"ఇప్పుడు ఇనపడింది," అంది దీనమ్మ.

చెప్పులు విడిచి, కూతురి చెయ్యి పట్టుకుని నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆయన ముందు కూర్చుంది.